హెడ్‌లైట్ లోపల ఆవిరి, నీటి బొట్లు: మొత్తం అసెంబ్లీ మార్చాల్సిందేనా?

ప్రశ్న:
వానలు మొదలైన దగ్గర్నుంచి నా కారు ఎడమవైపు హెడ్‌లైట్ లోపల ఆవిరి పడుతోంది. మొదట్లో పొద్దున పూట పల్చగా కనిపించి ఎండ వచ్చేసరికి పోయేది, ఇప్పుడు కింది మూలలో నీటి బొట్లు కూడా నిలుస్తున్నాయి, రాత్రి లైట్ వేస్తే వెలుగు రోడ్డు మీద సరిగ్గా పడకుండా చెదిరిపోతోంది. కుడివైపుది శుభ్రంగానే ఉంది. హాలోజన్ బల్బే, ఈమధ్య ఎడమవైపు కొత్తది వేయించాను. ఒక మెకానిక్ అసెంబ్లీ, అంటే డబ్బాతో సహా మొత్తం లైటే మార్చాలంటున్నాడు, ఇంకొకాయన చుట్టూ సిలికాన్ కొట్టేస్తే చాలంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు 1:
రెండూ ఇప్పుడే వద్దండి. హెడ్‌లైట్‌కి వెనకవైపు గాలి రంధ్రాలు కావాలనే పెడతారు. లైట్ వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది, ఆపాక చల్లబడుతూ బయటి గాలిని లాక్కుంటుంది, దాంతోపాటే తేమ కూడా వస్తుంది. అందుకే వానాకాలంలోనో, కారు కడిగాకో పల్చగా ఆవిరి పట్టి, లైట్ వేసి కాసేపు నడిపితే పోతోందంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మీది అలా కాదు. ఒక్కవైపే, అదీ బొట్లు నిలుస్తున్నాయంటే నీళ్లు ఎక్కడినుంచో నేరుగా దిగుతున్నాయి. బల్బు మార్చింది కూడా అదే వైపు కాబట్టి ముందు బానెట్ ఎత్తి బల్బు వెనక రబ్బరు మూత చూడండి. దాని అంచు చుట్టూ వేలితో తడుముతూ వెళ్తే ఎక్కడో ఒకచోట మడతపడి పైకి లేచి ఉంటుంది, చాలాసార్లు అంతే. గట్టిపడి పగుళ్లిచ్చి ఉంటే మూత ఒక్కటే మార్చితే సరిపోతుంది.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్ట్. దాంతోపాటు రంధ్రాల దగ్గర వంకీ తిరిగిన చిన్న రబ్బరు గొట్టం ఊడిపోయిందా, దుమ్ముతో మూసుకుపోయిందా కూడా చూడండి. మూసుకుపోతే లోపలి తేమకి బయటికి దారి ఉండదు.

ఇక ఆరబెట్టడం. లైట్ ఆపి, బల్బు చల్లారనిచ్చి, కనెక్టర్ పీకి, మూతా బల్బూ తీసేయండి. హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో పెట్టి వెనక రంధ్రంలోంచి ఓపిగ్గా గాలి కొట్టండి. ముందువైపు కనిపించే లెన్స్ పాలికార్బొనేట్ ప్లాస్టిక్, హీట్ గన్ పెడితే వంకర పోతుంది. తర్వాత సిలికా జెల్ పొట్లాలు దారానికి కట్టి లోపల వేలాడదీసి రాత్రంతా ఉంచి, పొద్దున గుర్తుగా తీసేయండి, బల్బు వేడికి అవి లోపల ఉండకూడదు. హాలోజన్ బల్బు గాజు భాగాన్ని చేత్తో ముట్టుకోవద్దు, వేలి జిడ్డు ఉన్నచోట ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. లోపలి రిఫ్లెక్టర్‌ని గుడ్డతో తుడవాలని అస్సలు చూడకండి, వెండిలా మెరిసే ఆ పూత మీద ఒకసారి గీతలు పడితే ఇక అంతే.

జవాబు 3:
మూత బాగానే ఉండి కూడా నీళ్లు వస్తుంటే లెన్స్‌కీ వెనక డబ్బాకీ మధ్య అతుకు విడిపోయి ఉండొచ్చు, లేదా సన్నటి బీట ఉండొచ్చు. లైట్ బయటికి తీశాక వెనక రంధ్రాలకి టేప్ వేసి, లెన్స్ వైపు నీళ్లలో ముంచితే బుడగలు ఎక్కడ వస్తే లీకు అక్కడే. పూర్తిగా ఆరాక ఆ ఒక్కచోటే సీలెంట్ వేయండి. అయితే వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడకండి, ఆరేటప్పుడు అది వదిలే ఎసిటిక్ ఆమ్లం ఆవిరి రిఫ్లెక్టర్ పూతని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే తీసుకోండి. నీళ్లు పోవడానికి కింద డ్రిల్‌తో రంధ్రం చేయమని కొందరు చెప్తారు, చేయొద్దు, దుమ్మూ రోడ్డు మీది నీళ్లూ దాంట్లోంచే ఎక్కుతాయి. కారు వారంటీలో ఉంటే మాత్రం ఏమీ విప్పకుండా, బొట్లు కనిపించేలా ఫోటో తీసి సర్వీసు వాళ్లకి చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. మూత కింది అంచు లోపలికి మడిచేసి ఉంది, వేలు పెడితే తడి తగిలింది. ఆరబెట్టి సరిగ్గా బిగించాను, ప్రస్తుతానికి బొట్లు లేవు. కనెక్టర్ పిన్నుల మీద మాత్రం ఆకుపచ్చగా ఏదో పట్టి ఉంది, అదేమైనా ఇబ్బందా?

జవాబు 2:
అది తుప్పేనండి, తడి వల్ల వచ్చింది. అలాగే వదిలేస్తే కరెంటు సరిగ్గా అందక వెలుగు తగ్గుతుంది, కనెక్టర్ వేడెక్కి కరిగిపోయే ప్రమాదం కూడా ఉంది. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు పిన్నులు శుభ్రం చేసే స్ప్రే) కొట్టి చిన్న బ్రష్‌తో శుభ్రం చేయండి, పిన్ను తినేసి ఉంటే కనెక్టర్ మార్పించండి. కొన్నాళ్లపాటు ప్రెషర్ వాషర్ ఆ వైపు దగ్గరగా కొట్టనివ్వకండి.