బాబు కస్టడీ కేసుకి డిటెక్టివ్‌ని పెట్టుకోవచ్చా?

ఒడిశాలోని బరంపురం నుంచి ఒక తమ్ముడు:
మా అక్కా బావా ఏడాదిగా విడిగా ఉంటున్నారు. ఆరేళ్ల మేనల్లుడు అక్క దగ్గరే ఉండి ఇక్కడే ఒకటో తరగతి చదువుతున్నాడు. దసరాకని తీసుకెళ్లిన బావ మళ్లీ పంపలేదు. ఆంధ్రాలో, పలాసలో వాళ్లమ్మగారి దగ్గర ఉన్నాడంటాడు. ఫోన్ చేస్తే ఓసారి నిద్రపోయాడంటారు, ఓసారి ఆడుకోవడానికెళ్లాడంటారు. బావ తాగుడు సంగతి అందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఏమీ లేదు. విశాఖలో ఒక ఏజెన్సీవాళ్లు పదిహేను రోజులు వెనకాల తిరగడానికి అరవై వేలు, కాల్ లిస్టు కూడా కావాలంటే మరో ఇరవై వేలు అడిగారు. గాజులు తాకట్టు పెడతానంటోంది అమ్మ. ఒకటే టెన్షన్. ఇదంతా కోర్టులో పనికొస్తుందా?

పర్లాకిమిడి వకీలు:
తమ్ముడూ, ఆ ఇరవై వేల మాట ఎత్తినవాడికి అరవై వేలు కూడా ఇవ్వకు. ఇంకొకరి కాల్ లిస్టు అలా సంపాదించడం నేరం. 2018లో థానే పోలీసులు ఇదే వ్యవహారంలో డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు. కొన్నవాళ్ల మెడకీ చుట్టుకోవచ్చు. బావ ఫోన్‌లో దొంగ యాప్ పెట్టిస్తామన్నా అంతే.

'ప్రభుత్వ లైసెన్సు ఉంది' అంటే నమ్మకు. డిటెక్టివ్‌ల కోసం 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. సెక్యూరిటీ గార్డుల లైసెన్సు వేరు.

పెట్టుకోవడమే తప్పని అనను. వీధిలో నలుగురికీ కనబడేది చూసి, ఫొటో తీసి రాసిస్తే సరే. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఉపయోగపడుతుందనిపిస్తే జడ్జిగారు ఎలాంటి రిపోర్టునైనా తీసుకోవచ్చు. అయితే అవతలివాళ్లు కాదంటే రాసినవాడు బోనెక్కి అవతలి వకీలు అడిగే ఎదురు ప్రశ్నలకి నిలబడాలి. విశాఖ నుంచి ఎన్ని వాయిదాలకొస్తాడో డబ్బివ్వక ముందే రాయించుకో. వీడియోలకి భారతీయ సాక్ష్య అధినియం (ఇప్పటి సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఆ ఫైలు ఏ ఫోన్ నుంచి ఎలా వచ్చిందో ధ్రువీకరించే కాగితం కావాలి. వాట్సాప్‌లో పంపేసి అసలుది చెరిపేస్తే చిక్కే.

గుణుపురం నుంచి ఒక అక్క:
నేను ఆ డబ్బు పోగొట్టుకున్నదాన్ని. వచ్చినతనికి ఒడియా ముక్క రాదు. రెండో రోజుకే వీధిలోవాళ్లు "ఎవరింటికొచ్చావు బాబూ" అని ఆరా తీశారు. నాలుగో రోజుకి మా ఆయనకి తెలిసిపోయి పాపని వేరే ఊరు మార్చేశారు. నా చేతికొచ్చినవి బ్రాందీ షాపు ముందు తీసిన నాలుగు ఫొటోలు. జడ్జిగారు వాటిని తిరగేసి పక్కన పెట్టి, పాపకి జ్వరమొస్తే ఎవరు తీసుకెళ్తారమ్మా అని అడిగారు. అప్పుడు నన్ను ఆదుకున్నవి టీకా కార్డు, డాక్టరు చీటీలు, స్కూలు డైరీలో రోజూ నేను పెట్టిన సంతకాలు. తమ్ముడూ, ముందు ఇంట్లో ఇలాంటి కాగితాలు వెతకండి.

పర్లాకిమిడి వకీలు:
ఆవిడ చెప్పింది నిజం. ఇంకోటి, ఆలస్యం చేయకండి. 1890 గార్డియన్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం పిల్లవాడు మామూలుగా ఎక్కడ నివసిస్తాడో అక్కడి కోర్టులో వేయాలి. ఇన్నాళ్లూ ఇక్కడే చదివాడు కాబట్టి బరంపురం ఫ్యామిలీ కోర్టని గట్టిగా వాదించొచ్చు. నెలలు గడిస్తే పలాస బడిలో చేర్పించి వాడి ఊరు ఇదేనంటారు. 12వ సెక్షన్ కింద తాత్కాలిక కస్టడీ, కనీసం రోజూ ఫోన్‌లో మాట్లాడించమని అడగండి. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్న 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం మాట ఆరేళ్లవాడికి అక్కరకు రాదు. ఇప్పుడు చూసేది వాడి మేలే. ఒకవేళ కేసు ఆంధ్రాకి వెళ్తే ఒడియాలో ఉన్న స్కూలు కాగితాలకి అనువాదం కావాలి, నకళ్లు ఇప్పుడే తీసుకో.

వకీలు ఫీజుకి గాజులెందుకు? ఆదాయం ఎంతైనా ఆడవాళ్లకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలునిస్తుంది. 15100కి ఫోన్ చేయండి.

బరంపురం తమ్ముడు:
స్కూలుకెళ్లొచ్చాను వకీలుగారూ, హాజరు పట్టీ నకలు సోమవారం ఇస్తామన్నారు. టీకా కార్డు బియ్యం డబ్బా మీద దొరికింది. బావతో మాట్లాడేటప్పుడు అక్క ఫోన్ రికార్డు చేసుకోవచ్చా?

పర్లాకిమిడి వకీలు:
చేసుకోవచ్చు. భార్యాభర్తల కేసులో అలాంటి రికార్డింగులు సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక విడాకుల కేసులో చెప్పింది. అక్కని తిట్టొద్దను, తన మాటలు కూడా అందులో ఉంటాయి. బాబు ఫోన్‌లోకొస్తే మాత్రం "నాన్న తాగుతున్నాడా" అని అడగొద్దు. అన్నం తిన్నావా అని అడగండి.