హిమాలయన్ 750: 650 ట్విన్‌కే బోరు పెంచుతారా, కొత్త ఇంజినా?

బోర్‌గేజ్
టెస్టింగ్‌లో దొరికిన హిమాలయన్ 750 ముసుగు బండి ఫోటోలు అందరూ చూసే ఉంటారు. ముందు చక్రానికి రెండు డిస్కులు, సిలిండర్ల మీద ఫిన్స్ (గాలికి చల్లబడే లోహపు రెక్కలు), ముందు భాగంలో ఆయిల్ కూలర్. రాయల్ ఎన్‌ఫీల్డ్ కొత్త ఇంజిన్ చెయ్యట్లేదు, రెండు సిలిండర్ల 650 ట్విన్‌నే పెంచుతోంది అని నా వాదన.

లెక్క చూడండి. ఇప్పటి ట్విన్‌కి బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 78 ఎంఎం, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 67.8 ఎంఎం, మొత్తం 648 సీసీ. పిస్టన్లు తిప్పే క్రాంకు ముట్టుకోకుండా బోరు 84కి తీసుకెళ్తే 751 పైచిలుకు వస్తుంది. వెంట్రుకవాసి తగ్గిస్తే సరిగ్గా 750. పైగా 84 ఈ కంపెనీకి బాగా అలవాటైన కొలత. షెర్పా 450 (నీళ్లతో చల్లబడే ఇప్పటి హిమాలయన్ 452 సీసీ ఇంజిన్) బోరు 84, పాత బుల్లెట్ 500 బోరూ 84. 2025లో స్క్రామ్ 411ని 440 చేసినప్పుడు ఏం చేశారు? స్ట్రోకు 86 అలాగే ఉంచి, బోరు 78 నుంచి 81 చేశారు. ఇక్కడా అదే దారి.

ఘాట్‌రోడ్
బోరు పెంచడం తేలికే. పెంచాక పుట్టే వేడిని ఎటు పంపిస్తారన్నదే ప్రశ్న. 78 నుంచి 84 అంటే పిస్టన్ వైశాల్యం 16 శాతం పెరుగుతుంది. సిలిండర్ల మధ్య దూరం మార్చకపోతే రెండు బోర్ల మధ్య లోహం 6 ఎంఎం తగ్గుతుంది. హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్‌కీ పైనున్న హెడ్‌కీ మధ్య సీలు) పట్టు తగ్గేది అక్కడే, గాలి సరిగా తగలనిదీ అక్కడే.

ఇదే 650 ఇంజిన్ ఉన్న ఇంటర్‌సెప్టర్ హైవే మీద పోతుంది కాబట్టి ఫిన్స్, ఆయిల్ కూలర్ చాలు. హిమాలయన్ పని వేరు. సామానుతో, వెనక మనిషితో, ఫస్ట్ గేర్లో పది కిలోమీటర్ల వేగంతో రాళ్ల దారిలో ఎక్కాలి. ఆ 650 ఆయిల్ కూలర్‌కి ఫ్యాన్ కూడా లేదు. 2016లో గాలితో చల్లబడే 411తో మొదలెట్టిన కంపెనీ 2023లో రేడియేటర్ ఉన్న 452కి ఎందుకు మారింది? 24 హార్స్‌పవర్ 40 అయ్యింది, బరువు 199 కేజీల నుంచి 196కి దిగింది. ఒకసారి ఆ మెట్టెక్కాక అదే పేరున్న పెద్ద బండికి మళ్లీ కిందికి దిగుతారా?

కొత్తట్విన్
750 వస్తే 650 ఆపేస్తారా? బుకింగ్ చేద్దామనుకుంటున్నాను, ఆగాలా?

బోర్‌గేజ్
ఘాట్‌రోడ్ గారూ, 84 బోరు గాలితో చల్లబడదు అంటున్నారు. బుల్లెట్ 500 అదే బోరుతో, 90 ఎంఎం స్ట్రోకుతో ఒక్క సిలిండర్ నుంచి 27 హార్స్‌పవర్ ఇచ్చింది. దానికి ఆయిల్ కూలర్ కూడా లేదు. 750 ట్విన్ 54 ఇస్తుందనుకుంటే సిలిండర్‌కి అదే 27. కొత్తగా వచ్చిపడే వేడి ఏముంది?

గ్యాస్కెట్ సంగతికొస్తే, అమెరికాలో ఎస్ అండ్ ఎస్ అనే విడిభాగాల కంపెనీ వాళ్లు ఇదే ఇంజిన్‌కి 865 సీసీ కిట్ అమ్ముతున్నారు. ఇదే స్ట్రోకుతో 865 అంటే బోరు దాదాపు 90. అక్కడ 90కి చోటున్నప్పుడు ఇక్కడ 84కి ఎందుకుండదు?

ఘాట్‌రోడ్
500 సింగిల్‌కి నాలుగు వైపులా గాలి తగులుతుంది. ట్విన్‌లో లోపలి గోడలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. ఆ 500 కంప్రెషన్ (గాలీ పెట్రోలూ ఎన్నింతలు నొక్కుకుంటాయో) 8.5, పవరంతా 5,250 ఆర్‌పీఎంకే అయిపోయేది. 650 కంప్రెషన్ 9.5, పవర్ 7,000 దాటాక వస్తుంది. నిమిషానికి ఎన్నిసార్లు మంట పుడుతోందో చూడకుండా సిలిండర్‌కి 27 అని సరిపెడితే కుదరదు.

కిట్ కొనేవాడు వారంటీ వదులుకుని కొంటాడు. కంపెనీ బండి ఇక్కడి పొగ నియమం ఓబీడీ-2బీ దాటాలి, యూరప్‌లో యూరో 5 ప్లస్ దాటాలి. వేడెక్కిన ఇంజిన్‌లో నాకింగ్ (మంట అదుపు తప్పి టకటకమనడం) మొదలైతే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఇగ్నిషన్‌ని వెనక్కి జరపాలి, లేదంటే పెట్రోలు ఎక్కువ పొయ్యాలి. జరిపితే మంట ఆలస్యమై వేడి ఎగ్జాస్ట్ వాల్వుల మీద, క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పడుతుంది. ఎక్కువ పోస్తే పొగ పరీక్ష దాటదు. నీళ్లున్న ఇంజిన్‌కి ఈ బాధ చాలావరకు తప్పుతుంది. షెర్పా 11.5 కంప్రెషన్‌తో నడిచేది అందుకే.

లాంగ్‌స్ట్రోక్
మీరిద్దరూ బోరు మీదే కూర్చున్నారు. అడ్వెంచర్ బండికి కావాల్సింది తక్కువ ఆర్‌పీఎంలోనే టార్క్ (తిప్పే బలం). బోరు 78 ఉంచి స్ట్రోకు 78.5 చేసినా 750 వస్తుంది. బోర్ల మధ్య లోహం ఒక్క పిసరు కూడా తగ్గదు. ఘాట్‌రోడ్ గారి అభ్యంతరంలో సగం అక్కడితో పోతుంది.

బోర్‌గేజ్
పోదు. 7,250 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం ఇప్పుడు సెకనుకి 16.4 మీటర్లు. మీరు చెప్పిన స్ట్రోకుతో 19 అవుతుంది. క్రాంక్ పిన్ 5 ఎంఎం పైన బయటికి జరుగుతుంది కాబట్టి కేసులో చోటు చూడాలి. కనెక్టింగ్ రాడ్ అదే ఉంచితే సిలిండర్ అంత ఎత్తు పెరుగుతుంది. కొత్త క్రాంకు అంటే 270 డిగ్రీల ట్విన్‌కి (రెండు క్రాంక్ పిన్నుల మధ్య తేడా అంత) వణుకు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ మళ్లీ తూచాలి. ఇంత చేసేవాడు కొత్త ఇంజినే చేస్తాడు కదా.

లాంగ్‌స్ట్రోక్
84 పిస్టన్ బరువు పెరిగితే బ్యాలెన్సర్ తూచక్కర్లేదా? మధ్యేమార్గం 82 బోరు, 71 స్ట్రోకు. అదీ 750కి సరిపోతుంది.

ట్యాపెట్ అన్న
ఇంతమందిలో సర్వీసు గురించి ఒక్కరూ అడగలేదు, అందుకని చెప్తున్నాను.

650 హెడ్‌లో వాల్వులు తెరవడానికి ఒకే క్యామ్‌షాఫ్ట్, రాకర్లు. వాల్వు గ్యాప్ (క్లియరెన్స్) సర్దడానికి స్క్రూ, లాక్‌నట్. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, అంటే రాత్రంతా వదిలేశాక, ట్యాంకు దించి కవర్ విప్పాలి. పని చేస్తున్న సిలిండర్‌ని కంప్రెషన్ టీడీసీకి (వాల్వులు మూసుకుని పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటికి) తేవాలి. 270 డిగ్రీల క్రాంకు కాబట్టి రెండో సిలిండర్ అదే గుర్తు దగ్గర ఉండదు, దానికి విడిగా తిప్పాలి. తొందరలో చాలామంది ఇక్కడే పొరబడి తెరుచుకున్న వాల్వు మీద గేజ్ పెడతారు. ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలుచని రేకు) కొంచెం పట్టుతో జారాలి. లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా కాస్త తిరుగుతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవాలి. ఒక స్పానరు, ఒక గేజ్ ఉంటే ఏ ఊళ్లోనైనా అయ్యే పని.

షెర్పాలో రెండు క్యామ్‌షాఫ్టులు, షిమ్‌లు (గ్యాప్ సర్దే చిన్న బిళ్లలు). గ్యాప్ తేడా వస్తే చైన్ టెన్షనర్ తీసి, క్యామ్‌షాఫ్టులు లేపి, పాత షిమ్ మందం మైక్రోమీటర్‌తో కొలిచి, లెక్కేసి కొత్తది వెయ్యాలి. ఆ మందం షిమ్ చేతిలో లేకపోతే బండి విప్పినచోటే ఆగిపోతుంది. దీనికి ఇంకో పక్కా ఉంది. షిమ్ ఒకసారి సరిగ్గా కుదిరితే చాలాకాలం కదలదు. స్క్రూ ట్యాపెట్‌ని తరచూ చూసుకోవాలి. మీరు ఎవరితో సర్వీసు చేయించుకుంటారో దాన్నిబట్టి మంచీచెడూ.

డబుల్‌డిస్క్
పన్ను గురించి ఒక ముక్క. 2025 సెప్టెంబరు నుంచి 350 సీసీ దాటిన ప్రతి బండికీ 40 శాతం జీఎస్టీ. 650 అయినా 750 అయినా ఒకటే. పన్ను చూసి 700 దగ్గర ఆగుతారన్న మాటలు నమ్మకండి.

బోర్‌గేజ్
ట్యాపెట్ అన్న చెప్పిందే నా మాట. లిక్విడ్ కూలింగ్ అంటే రేడియేటర్ ఒక్కటే కాదు. పంపు, దాని సీలు, థర్మోస్టాట్, గొట్టాలు, క్లిప్పులు, ఫ్యాన్, ఫ్యాన్ రిలే, రిజర్వాయర్. రాయి తగిలి రేడియేటర్ చిల్లుపడితే రైడ్ అక్కడితో సరి. నా దగ్గరున్న ఇంకో కంపెనీ లిక్విడ్ కూల్డ్ బండికి పంపు సీలు పోయి ఆయిల్ పాలలా తెల్లబడింది. సర్వీస్ సెంటర్లో ఆ సీలు లేదు, ఎప్పుడొస్తుందో చెప్పే మనిషీ లేడు.

ఘాట్‌రోడ్
అది సర్వీస్ సెంటర్ నిర్వాకం. దాన్ని కూలెంట్ నెత్తిన రుద్దకండి. పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, సీలు పోవడం మొదలైతే ముందు అక్కడ చుక్కలు పడతాయి. బండి కడిగినప్పుడల్లా చూసుకుంటే దొరికిపోతుంది. కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోస్తే లోపల ఉప్పు పేరుకుని సీలుని గీకేస్తుంది. రాయి భయం ఉన్నవాళ్లు రేడియేటర్ గార్డు వేసుకుంటారు. మీ ఆయిల్ కూలర్ కూడా ముందే ఉంది, దానికి రాయి తగలదా? రేడియేటర్ పోతే కూలెంటే పోతుంది. ఆయిల్ కూలర్ పగిలితే ఆయిలే పోతుంది, గమనించకుండా నడిపితే బేరింగులు పోతాయి.

మొదటి పోస్టు నుంచి 84 పట్టుకుని వేలాడుతున్నారు. షెర్పా 84కి మీ 84కి సంబంధమే లేదు. నీళ్లతో చల్లబడే సిలిండర్‌లో పిస్టన్ క్లియరెన్స్ బిగుతుగా పెట్టొచ్చు, గాలితో చల్లబడేదానికి వదులుగా పెట్టాలి. వాల్వుల కోణం వేరు, పిస్టన్ పైభాగం వేరు.

బోర్‌గేజ్
పిస్టన్ ఒకటే అని నేనెప్పుడన్నాను? కొలత అలవాటైందన్నాను. రాయనిది రాసినట్టు చెప్పకండి. ఫోటోలో ఫిన్స్ కళ్లముందున్నా రేడియేటర్ కావాలని పట్టుబడుతున్నారంటే మీకు స్పెక్ షీట్ మీద అంకెలు కావాలి, అంతే.

ఘాట్‌రోడ్
అంకెలు నాకు కావాలా? 751 ఎవరు లెక్కేశారు, పిస్టన్ వేగం ఎవరు లెక్కేశారు? ఫోటోలో కనిపించినదాన్ని మీ కోరికకు తగ్గట్టు చదువుతున్నది మీరు. నీళ్లతో చల్లబడే కొన్ని ఇంజిన్ల మీద కూడా ఫిన్స్ ఉంటాయి, అందంకోసం.

మోడరేటర్
ఇద్దరూ వ్యక్తిగత మాటలు ఆపండి. ఇంజిన్ గురించి రాయండి.

బోర్‌గేజ్
సరే, సూటిగా రాస్తాను. 2018 నుంచి ఒకే ఇంజిన్ మీద ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీ, సూపర్ మీటియర్, షాట్‌గన్, బేర్, క్లాసిక్ 650 వచ్చాయి. అందువల్లే క్లచ్ ప్లేట్లు, గ్యాస్కెట్లు, ఫిల్టర్లు ఎక్కడైనా దొరుకుతున్నాయి, మెకానిక్కులు చెయ్యి తిరిగారు. 500 ఇంజిన్ 2020లో బీఎస్6తో పాటే ఆగిపోయింది. 350లోనూ అదే ఏడాది 72 బోరు, 85.8 స్ట్రోకుతో కొత్త ఇంజిన్ తెచ్చి, 70, 90 ఉన్న పాతదాన్ని మెల్లగా తీసేశారు. సీసీ పెరిగింది మూడే, భాగాలన్నీ మారిపోయాయి. 750 కొత్త ఇంజిన్ అయితే కంపెనీ డబ్బు, మనుషులు అటే వెళ్తారు. 650ని పదిహేనేళ్లు ఉంచుకుందామని కొన్నవాళ్ల గతేంటి? 750 ఇదే క్రాంక్‌కేస్ మీద వస్తే 650 కూడా బతుకుతుంది.

ఘాట్‌రోడ్
ఈ మాట మొదటే రాసుంటే ఇంత గొడవ ఉండేది కాదు. మీరు అలా జరగాలని కోరుకుంటున్నారు, జరుగుతుందని నిరూపించట్లేదు.

నా వైపు నుంచి ఒకటే. 750 అడ్వెంచర్ బండి కొనేవాడు మీ 650 విడిభాగాలు కాపాడటానికి కొనడు. ఇంటర్‌సెప్టరే దాదాపు 217 కేజీలు. దానికి పొడవాటి సస్పెన్షన్, పెద్ద ట్యాంకు, రెండు డిస్కులు, క్రాష్ గార్డులు చేరాక ఎంతవుతుందో ఊహించండి. ఆ బరువు మొయ్యడానికి 52 ఎన్ఎం బదులు 60 ఇచ్చి ఇదే కొత్త బండి అంటే, బేర్ ఇప్పటికే ఎగ్జాస్ట్, ట్యూనింగ్ మార్చి 56.5 ఇస్తోంది. తేడా మూడున్నర. అంతకోసం ఒక మోడల్ ఎందుకు?

ట్యాపెట్ అన్న
కొత్తట్విన్ గారికి ఎవరూ జవాబివ్వలేదు. యూరప్‌లో మధ్యస్థాయి బండ్లకిచ్చే ఏ2 లైసెన్సు పరిమితి 35 కిలోవాట్లు. 650 ఇచ్చే 47 హార్స్‌పవర్ అంటే దాదాపు అదే. 54 ఇచ్చే 750 ఆ గీత దాటుతుంది, పవర్ తగ్గించి అమ్మాలి. ఆ మార్కెట్ కోసమైనా 650ని ఇప్పట్లో ఆపరు. మీకు నచ్చితే కొనుక్కోండి.

ఇంకా ఫోటోలు వస్తే నాలుగు చోట్ల జూమ్ చెయ్యండి. కూలర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే గొట్టాలు: సన్నగా, చివర్లలో మెటల్ యూనియన్లతో ఉంటే ఆయిల్, లావుగా, రబ్బరువి, క్లిప్పులతో ఉంటే కూలెంట్. క్రాంక్‌కేస్ పక్కన పంపు హౌసింగ్ ఉబ్బు. కూలర్ వెనక ఫ్యాన్ ష్రౌడ్. ట్యాంకు కింద రిజర్వాయర్ డబ్బా. ముసుగు వేసినవాళ్లు గొట్టాల్ని దాచడం మర్చిపోతుంటారు.

ఘాట్‌రోడ్
బోర్‌గేజ్ గారూ, ఫ్యాన్ కనిపిస్తే ఒప్పుకుంటారా?

బోర్‌గేజ్
ఫ్యాన్ ఆయిల్ కూలర్‌కి కూడా పెట్టొచ్చు. లావు రబ్బరు గొట్టం కనిపిస్తే ఒప్పుకుంటాను.