ఉల్లి ఎగుమతి ఆపాలా పంపాలా అన్నది అసలు తేల్చేది ఎవరు?

అందరికీ నమస్కారం. మాది కర్నూలు దగ్గర పల్లె, ఉల్లిగడ్డ వేస్తాం. మొన్న మార్కెట్ యార్డులో గోతాల మీద కూర్చుని వేలం కోసం చూస్తుంటే నాకూ మా చిన్నాయనకూ పెద్ద వాదన. 2023 డిసెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతి నిషేధించింది కదా, ఆ నిషేధం ఉండగానే 2024 మార్చిలో బంగ్లాదేశ్‌కు 50,000 టన్నులు, యూఏఈకి 14,400 టన్నులు పంపడానికి అనుమతిచ్చింది. "అదంతా ప్రధాని ఒక్క మాటరా" అంటాడు చిన్నాయన. నాకు అంత తేలిగ్గా అనిపించడం లేదు. ఉత్తర్వు ఇచ్చేది వాణిజ్య శాఖ కింద ఉండే డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్), ఇక్కడ ధర పెరగకుండా చూసేది వినియోగదారుల వ్యవహారాల శాఖ, పక్క దేశంతో మాట్లాడేది విదేశాంగ శాఖ. మరి వీళ్లకు ఒకరితో ఒకరికి పొసగకపోతే ఎవరి మాట నెగ్గుతుంది? మంత్రుల కమిటీ దాకా పోతుందా, ప్రధాని కార్యాలయంలోనే తేలిపోతుందా? ఫలానా దేశానికి ఇన్ని టన్నులు అనే లెక్క మొదట రాసేది ఎవరు?

ఢిల్లీలో పనిచేసినవాళ్లు, ఇలాంటి ఫైలు ఎట్లా కదులుతుందో దగ్గర నుంచి చూసినవాళ్లు ఉంటే కాస్త వివరంగా చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు, అది మా రచ్చబండ దగ్గర రోజూ ఉండేదే.