రైస్ మిల్లుల్లో మిషన్లు వద్దంటున్న ముఠా సంఘాలది తప్పా?

మండపేట కుర్రోడు:
మాకు చిన్న బాయిల్డ్ (ఉప్పుడు బియ్యం) మిల్లు ఉంది. బస్తాలు లారీలకెక్కించడానికి కన్వేయర్ బెల్టు పెడదామంటే ముఠా (బస్తాలు మోసే కూలీల) సంఘం ఒప్పుకోవడం లేదు. కేరళ లారీలు గేటు బయట నిలబడిపోతుంటే నాన్నగారికి రోజూ టెన్షనే. సంఘాలు ఇలా మొండికేయబట్టే అందరూ మిషన్ల వైపు వెళ్తున్నారు. కాదంటారా?

కోటిపల్లి అమ్మాయి:
కాదంటానండి. మా నాన్న ముప్పై ఏళ్లు ముఠాలో బస్తాలు మోశారు. మన దగ్గర ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. మగవాడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. నాన్న మెడ ఇప్పుడు పక్కకు తిరగదు. అందుకే బెల్టు వద్దని నేను అనను.

కానీ మిషన్ ముందు తీసేసింది ముఠా వాళ్లని కాదు. మా అమ్మ మిల్లు కళ్లంలో పనిచేసేది. ఉడికిన బొండాల ధాన్యం సిమెంటు కళ్లంలో పోసి, మండుటెండలో కాళ్లతో తిరగేస్తూ ఆరబెట్టేవారు. మబ్బు పడితే చాలు, పరుగున కుప్పలు చేసి బరకాలు కప్పాలి. డ్రయ్యర్ వచ్చాక ఒక్కరికీ పిలుపు రాలేదు. నల్లగింజలు ఏరే వాళ్ల పని సార్టెక్స్ మిషన్ తీసుకుంది. అప్పుడు ఏ సంఘమూ గేటు ముందు కూర్చోలేదు. మా ముఠాలో అందరూ మగవాళ్లే మరి. నాకు ఇప్పటికీ కడుపుమంటగా ఉంటుంది.

పనిలోంచి తీసేస్తే ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోనే ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని ఉంచి, కొత్త పని నేర్చుకోవడానికి మరో 15 రోజుల జీతం కలిపింది. అయితే ఏడాదిలో 240 రోజులు పనిచేసినట్టు చూపించాలి. అమ్మ పేరు ఏ హాజరు మస్టర్‌లో ఉంది? సాయంత్రం గుమాస్తా చేతిలో పెట్టే కూలి, అంతే.

కోనసీమ రైతు:
అమ్మా, నీ బాధ అర్థమైంది. కానీ సార్వా (ఖరీఫ్) కోతల్లో తుపాను వస్తే ధాన్యం మొలకెత్తిపోతుంది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. రోడ్డు మీద ఆరబోసుకునే నాలాంటోడికి డ్రయ్యర్ లేకపోతే ఎలా?

కోటిపల్లి అమ్మాయి:
ఉండాలి బాబాయ్, ఒప్పుకుంటాను. నేనడిగేది ఆ మిషన్ మిగిల్చిన కూలి ఎవరి చేతికి వెళ్లిందని.

మండపేట తమ్ముడూ, బెల్టు బిగించే ముందే సంఘంతో కూర్చోండి. బస్తాకి మిగిలే కూలిలో కొంత, కొన్నేళ్లపాటు ముఠాకే ఇస్తామనండి. యాభై దాటిన వాళ్లకు ఒకేసారి లెక్క కట్టండి. కుర్రాళ్లకు బెల్టు నడపడం నేర్పండి. మీ కళ్లంలో ఎవరెవరు పనిచేశారో నాన్నగారికి గుర్తుండే ఉంటుంది, ఆ పేర్లు కూడా ఒప్పందంలో రాయించండి. సంఘం పెద్దలు కూడా ఆ ఆడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకునే మాట్లాడాలి.