'టైట్ ఎండ్'ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడ అమెరికాలో హైస్కూల్ టీమ్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు, అందులో అతని స్థానం పేరు టైట్ ఎండ్. వాళ్ల అమ్మమ్మకి ఫోన్‌లో చెప్పబోయి 'బిగుతు', 'చివర' దగ్గరే ఆగిపోయాను. పిల్లల కోసం పేరున్న టైట్ ఎండ్ టోనీ గొంజాలెజ్ గురించి తెలుగులో ఒక పేజీ రాస్తున్నాను, అక్కడా ఇదే మాట అడ్డం పడుతోంది. ఏం రాయమంటారు?

జవాబు: ముందు 'బిగుతు' వదిలెయ్యండి. ఇక్కడ టైట్‌కి వ్యతిరేకం లూజ్ కాదు, స్ప్లిట్. ఆట మొదలయ్యేటప్పుడు బంతి చేతిలో ఉన్న జట్టువాళ్లు మామూలుగా కనీసం ఏడుగురు ఒకే వరుసలో నిలబడాలి. ఆ వరుస కొసన ఉన్నవాడే ఎండ్. విడిగా, దూరంగా నిలబడితే స్ప్లిట్ ఎండ్. పక్కనున్న టాకిల్ అనే ఆటగాణ్ణి ఆనుకున్నట్టు నిలబడితే టైట్ ఎండ్.

కొసన ఉండటంలో పెద్ద విషయమే ఉంది. వరుసలో పాస్ (విసిరిన బంతి) అందుకునే హక్కు కొసనున్నవాళ్లకే, లోపలి ఐదుగురికి మామూలుగా ఉండదు. అందుకే టైట్ ఎండ్‌కి రెండు పనులు. ఎదుటివాణ్ణి ఒంటితో అడ్డుకోవాలి, అవసరమైతే పరుగెత్తి బంతీ పట్టుకోవాలి. అమ్మమ్మగారికి 'వరుస కొసన ఆనుకుని నిలబడతాడు, అడ్డుకుంటాడు, బంతి కూడా పట్టుకుంటాడు' అంటే సరిపోతుంది. 'చివరి ఆటగాడు' అని మాత్రం అనకండి, ఆఖర్న బ్యాటింగ్‌కి వచ్చేవాడనుకుంటారు.

మరొకరు: అయితే 'కొసవాడు' అని ఒక మాట ఖాయం చేసుకోవచ్చు కదండీ? తెలుగులో రాస్తున్నప్పుడు ఆ మాత్రం ప్రయత్నం చెయ్యాలి.

జవాబు: వినడానికి బాగుందండీ, నాకూ ఇష్టమే. కానీ గొంజాలెజ్ ఆట చూసినవాళ్లు ఒప్పుకోరు. ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1997లో 13వ పేరుగా అతన్ని కాన్సస్ సిటీ చీఫ్స్ జట్టు తీసుకుంది. అక్కడ 12 సీజన్లు, తర్వాత అట్లాంటా ఫాల్కన్స్‌లో 5. మొత్తం 1,325 క్యాచ్‌లు, 15,127 గజాలు, 111 టచ్‌డౌన్లు (బంతితో ఎదుటి జట్టు గీత దాటి పాయింట్లు తేవడం). ఇంత ఒళ్లు హూనమయ్యే ఆటలో 17 ఏళ్లలో ఆడకుండా పోయినవి రెండే మ్యాచ్‌లు! 2004లో 102 క్యాచ్‌లతో, పాస్‌లు పట్టడమే ముఖ్యమైన పనిగా ఉన్న వైడ్ రిసీవర్లను కూడా దాటి ఎన్ఎఫ్ఎల్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. 2019లో మేటి ఆటగాళ్లకి దక్కే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం అందుకున్నాడు.

కాలిఫోర్నియాలోని బర్క్లీ యూనివర్సిటీలో చదివేటప్పుడు బాస్కెట్‌బాల్ కూడా ఆడాడు. రీబౌండ్ (రింగుకి తగిలి వెనక్కొచ్చే బంతి) కోసం ఒంటిని అడ్డుపెట్టి వెనకవాణ్ణి వెనకే ఆపేసే పద్ధతిని ఫుట్‌బాల్‌లోకి తెచ్చాడు. వీపు మీద మనిషి వేలాడుతున్నా చేతులు పైకి చాచి, తలకంటే ఎత్తులో బంతి అందుకునేవాడు. టచ్‌డౌన్ అయ్యాక గోల్‌పోస్ట్ అడ్డకమ్మీ మీదుగా బంతిని డంక్ చేసేవాడు, అంటే ఎగిరి పైనుంచి కిందికి కొట్టేవాడు. ఆ కమ్మీ ఎత్తు 10 అడుగులు, బాస్కెట్‌బాల్ రింగు ఎత్తూ అంతే. 2014లో లీగ్ ఆ డంక్‌ని నిషేధించింది. అప్పటికి అతను రిటైరయ్యాడు.

ఇలాంటివాణ్ణి కోచ్‌లు టాకిల్ పక్కనే కట్టేసి ఉంచరు కదా. చాలాసార్లు వరుసకి దూరంగా, వైడ్ రిసీవర్ నిలబడే చోట నిలబెట్టేవారు. అయినా అతను టైట్ ఎండే. అంటే ఈ మాట నిలబడే చోటుని దాటి ఒక ఉద్యోగానికి పేరైంది. మనం 'కొసవాడు' అని కొత్తగా పెడితే చదివేవాడు మళ్లీ ఆ చోటునే ఊహించుకుంటాడు. క్రికెట్‌లో సిల్లీ పాయింట్‌ని అలాగే ఉంచుకున్నాం, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. దీన్నీ అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరం ఇవ్వండి. 'కొసన', 'ఆనుకుని' అనే మంచి మాటలు ఆ వాక్యంలో వాడుకోండి.

ప్రశ్న అడిగినవారు: చాలా సంతోషం అండీ. మరి ఇద్దరుంటే 'ఎండ్స్' అనాలా, 'ఎండ్లు' అనాలా?

జవాబు: మన బహువచనమే పెట్టండి. కాకపోతే 'ఎండ్లు' అని కలిపి రాస్తే గబుక్కున 'ఎడ్లు'లా కనిపిస్తుంది. 'టైట్ ఎండ్‌లు' అని విడిగా రాయండి.