‘ఓం శాంతి ఓం’: వెక్కిరింతా, పరాచికమా?

ప్రశ్న: ఫరా ఖాన్ తీసిన ‘ఓం శాంతి ఓం’ (2007) మీద సమీక్ష రాస్తున్నాను. “పాత హిందీ సినిమాలను వెక్కిరిస్తూ తీసిన సినిమా” అని రాస్తే చదివిన స్నేహితుడు ఒప్పుకోలేదు. ‘పేరడీ’ సినిమా మొత్తానికి సరిపోవడం లేదు. ‘నివాళి’ అంటే సంతాప సభలా ఉంది. ఇంకే మాట వాడొచ్చండీ?

జవాబు: మీ స్నేహితుడు చెప్పిందే నిజమండీ, వెక్కిరింత కాదు. నేనైతే ‘పరాచికం’ అంటాను. పరాచికాలు ఎవరితో పడితే వాళ్ళతో ఆడం. బావామరదళ్ళు ఆడుకుంటారు, తాతను మనవడు ఆటపట్టిస్తాడు. వరస కలవాలి, చనువుండాలి. పాత సినిమాతో ఫరా ఖాన్‌కి ఆ చనువుంది.

మొదటి సీనే చూడండి. 1980లో వచ్చిన సుభాష్ ఘయ్ ‘కర్జ్’ పాట షూటింగ్ జరుగుతుంటుంది. స్టేజి మీద రిషి కపూర్, కింద జనంలో జూనియర్ ఆర్టిస్టు షారుఖ్. ఆ స్టేజి మీద తనే ఆడి పాడుతున్నట్టు కలగంటాడు. నవ్వొస్తుంది, కానీ ఆ కుర్రాడి ఆశను సినిమా ఎక్కడా చులకన చెయ్యదు. పేరు ఆ ‘కర్జ్’ పాటదే, పునర్జన్మ కథలోనూ దాని పోలికలే. క్లైమాక్స్‌లో బిమల్ రాయ్ ‘మధుమతి’ (1958) ఛాయలు బాగా కనిపిస్తాయి. ‘ధూమ్ తానా’ పాటలో పాత ఫిల్మ్ ముక్కల్లోకి దీపికను చేర్చి సునీల్ దత్, రాజేశ్ ఖన్నా, జితేంద్రల పక్కన ఆడించారు. ఆ రంగులూ, ఆ వేషాలూ అంత శ్రద్ధగా కుదిర్చారంటే ఆ సినిమాల మీద ప్రేమ ఉండబట్టే.

ఇంకొకటి. చివర్లో పేర్లు పడేటప్పుడు లైట్‌బాయ్‌ల దాకా అందరూ ఎర్ర తివాచీ మీద దర్జాగా నడిచొస్తారు. ఫరా ఖాన్ మాత్రం ఆఖర్న ఆటోలో దిగుతుంది, అప్పటికి అక్కడ ఎవరూ ఉండరు. పరాచికమాడేవాళ్ళు తమనూ వదలకూడదు. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

మరొకరు: పరాచికం బాగుంది. మరి పాత హిందీ హీరో మనోజ్ కుమార్ మీద తీసిన సీను? ఆయన కోర్టుకు వెళ్ళారు కదా!

జవాబు: అది ఎగతాళేనండీ, ఒప్పుకోవాల్సిందే. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆయన నటనలో అందరికీ గుర్తుండే ముద్ర. దాన్నే పట్టుకుని ప్రీమియర్ దగ్గర పోలీసులు ఆయన్ని గుర్తుపట్టనట్టు తీశారు. అవతలి మనిషి నొచ్చుకున్నాక దాన్ని పరాచికం అనలేం.

షారుఖ్ దక్షిణాది హీరోనంటూ బొమ్మపులితో కుస్తీపట్టి “మైండ్ ఇట్” అనే సీనుందే, దానికి నా మాట ‘ఎకసెక్కం’. ‘కర్జ్’ను ఆటపట్టించేటప్పుడు ప్రతి వివరం తెలిసి ఆటపట్టించారు. ఇక్కడ మన సినిమాలు చూసి తీసిన జాడే లేదు, హిందీవాళ్ళకు అలవాటైన ‘మద్రాసీ’ బొమ్మ తప్ప. తమిళమో తెలుగో కన్నడమో తేడా కూడా పట్టించుకోలేదు. వరస తెలియనివాళ్ళు ఆడిన హాస్యం అలాగే ఉంటుంది.

అందుకని సమీక్షలో సినిమా మొత్తానికి ‘పరాచికం’ అనే రాయండి. ఆ రెండు సీన్ల గురించి మాత్రం విడిగా, వాటికి తగ్గ మాటలతోనే చెప్పండి.