అప్‌డేట్: 13 కాలనీలు తిరగబడితే జమైకా ఎందుకు కదల్లేదు?

1776లో అమెరికాలోని 13 కాలనీలు బ్రిటన్‌పై తిరగబడితే, బ్రిటన్ కిందే ఉన్న కరీబియన్ దీవి జమైకా, కెనడాలోని ఫ్రెంచ్ వాళ్ల ప్రాంతం క్యుబెక్ ఎందుకు ఊరుకున్నాయని అడిగాను కదా, మీ జవాబులు చదివాక ఇంకా వెతికాను. చాలామంది పన్నులే కారణమన్నారు, కానీ పత్రాలు, వార్తాపత్రికల మీద పన్ను వేసిన 1765 స్టాంప్ చట్టం కరీబియన్ దీవుల మీదా పడింది, అక్కడి సెయింట్ కిట్స్ దీవిలో అల్లర్లు కూడా జరిగాయి. అసలు తేడా భయంలో ఉంది. జమైకాలో తెల్లవాళ్ల కంటే బానిసత్వంలో ఉన్న ఆఫ్రికన్లు ఎన్నో రెట్లు ఎక్కువ, 1760లో టాకీ అనే బానిస నాయకత్వంలో వాళ్లు తిరగబడ్డాక చెరకు తోటల తెల్ల యజమానులకు కంటి మీద కునుకు లేదు, పైగా వాళ్ల చక్కెరకు బ్రిటనే పెద్ద మార్కెట్, అందుకే బ్రిటిష్ సైన్యాన్ని వదులుకోలేకపోయారు. దీన్ని రాజభక్తి అనడం నాకు అస్సలు నచ్చదు. 13 కాలనీలకైతే 1763లో ఫ్రాన్స్ కెనడాను బ్రిటన్‌కు వదులుకున్నాక ఫ్రెంచ్ దాడుల భయం తగ్గి, ఆ సైన్యంతో పెద్ద అవసరం లేకపోయింది. ఇక క్యుబెక్‌లో బ్రిటన్ తెచ్చిన 1774 చట్టం అక్కడి ఫ్రెంచ్ వాళ్ల కాథలిక్ మతాన్ని, ఫ్రెంచ్ సివిల్ చట్టాన్ని కొనసాగనిచ్చింది, దాంతో వాళ్లకు తిరగబడే కారణం తగ్గింది.